అమ్మ దారిలో నీళ్లు తాగింది: హనుమకొండలో అద్దెకు తీసుకున్న క్యారవాన్‌లో ఆరు రోజులు

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇంట్లో పెద్దవాళ్లుంటే, వాళ్లను నాలుగు చోట్లకు తిప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటూ ధైర్యం చాలక ఆగిపోతుంటే, ఈ క్యారవాన్, అంటే లోపలే మంచాలు, పొయ్యి, బాత్రూం ఉన్న ఈ బండి తీసుకోండి. నలుగురు కుర్రాళ్లు కలిసి జలపాతాలు చూసి రావడానికైతే వద్దు, ఇంత ఖర్చు దండగ, మామూలు కారు, దొరికిన చోట ఒక గది చాలు. ఐదుకు నేను నాలుగు ఇస్తున్నాను. ఆ ఒకటి ఎందుకు తగ్గించానో, నాలుగు ఎందుకిచ్చానో చెప్పాలంటే మా ఆరు రోజుల సంగతి చెప్పాలి, కాస్త పొడుగవుతుంది.

సర్వీసు పేరు రాయట్లేదు. వాళ్లకున్నది ఒక్కటే బండి, కొత్తగా మొదలుపెట్టారు, నేను చెప్పిన లోపాల్లో రెండు ఇప్పటికే సరిచేశారు. ఎక్కడ క్యారవాన్ తీసుకున్నా చూసుకోవాల్సినవి ఇవే కాబట్టి పేరు కంటే విషయం ముఖ్యం.

మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. షుగర్ ఉంది, మోకాళ్లు రెండూ అరిగాయి. పుట్టింది నర్సంపేట దగ్గర, కాపురమంతా హనుమకొండలో, అయినా ఈ వయసు వచ్చేదాకా రామప్ప గుడి చూడలేదు. ఎంత దూరం? 65 కిలోమీటర్లు. ఎప్పుడు బయల్దేరదాం అన్నా ఒకటే మాట: "దారిల బాత్రూం ఎట్ల బిడ్డా?" పెళ్లికి పోయినా, చావుకు పోయినా పొద్దున లేచిన దగ్గర్నుంచి గుక్కెడు నీళ్లు తాగదు, తాగితే మధ్యలో బండి ఆపమని అల్లుణ్ణి అడగాల్సి వస్తుందని. షుగర్ ఉన్న మనిషి అట్లా ఉండకూడదని డాక్టర్ ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఇది మా అమ్మ ఒక్కదాని సంగతి కాదు, నాకు తెలిసిన ఆడవాళ్లలో సగం మంది ప్రయాణమంటే నోరు కట్టుకుని కూర్చునేవాళ్లే, నేను కూడా. అందుకే బాత్రూం ఉన్న బండి అద్దెకిస్తారని తెలిసిన రోజు మా ఆయనతో ఇంకో మాట లేకుండా చెప్పాను, దసరా సెలవుల్లో పోతున్నామని.

మనుషులం ఆరుగురం: అమ్మ, బాపు, మేమిద్దరం, పిల్లలిద్దరు. ముద్దపప్పు బతుకమ్మ నాడు పొద్దున బయల్దేరి, వెన్నముద్దల బతుకమ్మ సాయంత్రానికి ఇంట్లో ఉండాలి, ఎందుకంటే మర్నాడు సద్దులు, సద్దుల బతుకమ్మకు ఇంట్లో లేకపోతే అమ్మ ఊరుకోదు. కాబట్టి ఆరు పగళ్లు, ఐదు రాత్రులు.

బండి టెంపో ట్రావెలర్ మీద కట్టించింది. వెనక అడ్డంగా ఒక పెద్ద మంచం, మధ్యలో ఎదురెదురు సీట్లు, వాటి నడుమ బల్ల కిందికి దించితే ఇంకో మంచం, డ్రైవర్ నెత్తి మీద గూడులాగా పిల్లలు పడుకునే చోటు. చిన్న ఫ్రిజ్, ఒక ఇండక్షన్ పొయ్యి, చేతులు కడుక్కునే సింకు, పక్కన బాత్రూం. వాళ్లు ఆరుగురు పడుకోవచ్చని చెప్తారు, నిజానికి పెద్దవాళ్లు నలుగురు, పదేళ్లలోపు పిల్లలు ఇద్దరికి సరిపోతుంది, ఆరుగురూ పెద్దవాళ్లయితే మాత్రం సరిపోదు. పరుపులు శుభ్రంగా ఉన్నాయి, దుప్పట్లు ఉతికినవి ఇచ్చారు, బాత్రూంలో వాసన లేదు. వెనక మంచం మాత్రం సరిగ్గా వెనక చక్రాల మీద ఉంటుంది, బండి నడుస్తున్నప్పుడు దాని మీద పడుకుంటే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. అమ్మను ప్రయాణంలో మధ్య సీట్లోనే కూర్చోబెట్టాం, బండి ఆగినప్పుడే వెనక పడుకుంది.

డబ్బుల సంగతి. రోజుకు 9,500 అద్దె, డ్రైవర్ బత్తా రోజుకు 800, డీజిల్ మనది. డిపాజిట్ 15,000 తీసుకుని తిరిగొచ్చిన రాత్రే వెనక్కి ఇచ్చారు, ఒక్క రూపాయి కోయలేదు. మొత్తం 940 కిలోమీటర్లు తిరిగాం, జనరేటర్ తాగిన దానితో కలిపి డీజిల్‌కు 12,400 అయింది. నాలుగు రాత్రులు ఒక్కో గది కూడా తీసుకున్నాం, ఎందుకో కింద చెప్తాను. అన్నీ కలిపి దాదాపు 79 వేలు, తిండి, టికెట్లు కాక. పెద్ద కారు మాట్లాడుకుని ఎక్కడికక్కడ రెండు గదులు తీసుకుంటే ఇందులో సగానికే అయిపోయేది. కాబట్టి క్యారవాన్ అయితే గదుల ఖర్చు మిగులుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

బండి చేతికొచ్చాక మొదటి తప్పు వాళ్లది. ఎక్కే మెట్టు నేల నుంచి అడుగున్నర ఎత్తులో ఉంది. పెద్దవాళ్లతో వెళ్తున్నామని బుకింగ్ నాడే చెప్పాను, వాళ్లేమో అదేం ఇబ్బంది కాదన్నారు. అమ్మ కుడికాలు పైకి పెట్టి, ఎడమకాలు లేపలేక, మా ఆయన ఒకపక్క, నేను ఒకపక్క పట్టుకుని ఇంటి ముందరే ఐదు నిమిషాలు పట్టింది. ములుగులో ఆపి ప్లాస్టిక్ స్టూలు కొన్నాం. ఆరు రోజులూ ఆ స్టూలే మాకు మెట్టు, ఆగిన ప్రతిచోటా మా చిన్నోడు ముందు దూకి స్టూలు వేయడం, అమ్మమ్మ చెయ్యి పట్టుకోవడం. తిరిగొచ్చాక చెప్తే వారంలో మడిచే మెట్టు బిగించి ఫోటో పంపారు. ఇది సరిచేసిన లోపాల్లో ఒకటి.

మొదటి రోజు రామప్ప, లక్నవరం. అంతే. ఒకే రోజులో వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప, లక్నవరం అన్నీ చుట్టి రావచ్చని ఫోన్లో చాలామంది చెప్పారు. కారులో కుర్రాళ్లయితే చేయొచ్చు. మేం రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోలేదు, అదే మమ్మల్ని కాపాడింది.

రామప్ప గురించి రాయకుండా ఉండలేను. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, నీళ్ల మీద తేలే ఇటుకలతో గోపురం, ఇసుక నింపిన పునాది, ఇవన్నీ పిల్లలకు బడిలో చెప్పారు, వాళ్లు మాకు చెప్పారు. అమ్మకు అవేవీ పట్టలేదు. గుడి చుట్టూ చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, ఉంటాయి కదా, వాటి దగ్గర ఆగిపోయింది. కింద ఎర్ర ఇసుకరాయి, పైన అద్దంలా నునుపు తేలిన నల్లరాయి. ఒకామె కాలిలో ముల్లు తీయించుకుంటోంది. ఇంకొకామె కాళ్లకు మడమ ఎత్తుగా ఉన్న చెప్పులు, ఎనిమిది వందల ఏళ్ల కింద! అమ్మ మెడ ఎత్తి చాలాసేపు చూసి, "గోర్లు సుత చెక్కిండ్రు సూడు బిడ్డా" అంది. నిజంగానే వేళ్ల చివర గోళ్లు కనిపిస్తున్నాయి, నేను నాలుగోసారి రావడం, ఎప్పుడూ గమనించలేదు. నంది ముందర కూర్చుని "గింత దగ్గర పెట్టుకొని గిన్నేండ్లు సూడకపోతి" అని కళ్లు తుడుచుకుంది. తర్వాత లేచి బండిలోకొచ్చి, బాత్రూంకు వెళ్లి, కాళ్లు కడుక్కుని, సగం సీసా నీళ్లు తాగి పడుకుంది. ప్రయాణంలో అమ్మ అడక్కుండా నీళ్లు తాగడం నేను చూడటం అదే మొదలు. నా నాలుగు మార్కుల్లో రెండు అక్కడే పడ్డాయి.

పాలంపేట నుంచి లక్నవరం పోయే దారిలో ఒక ఊళ్లో ఇరుక్కున్నాం. నవరాత్రులు కదా, దుర్గమ్మ మండపం నుంచి రోడ్డుకు అడ్డంగా సీరియల్ లైట్ల తీగలు, తోరణాలు కట్టారు. కారు కింది నుంచి హాయిగా పోతుంది. మా బండి పైన ఏసీ పెట్టెతో కలిపి తొమ్మిదిన్నర అడుగులు. డ్రైవర్ అన్న దిగి చూసి, పోదని చెప్పి, రెండు వందల గజాలు వెనక్కి తీశాడు. మండపం దగ్గరి పిల్లలే వెదురు కట్టె తెచ్చి తీగలు పైకెత్తి పట్టుకున్నారు, కింది నుంచి మెల్లగా దాటించాం. బండి తీసుకునేటప్పుడు ఎత్తెంతో అడిగి రాసుకోండి, పండగ రోజుల్లో ఊళ్ల నడుమ దారులు కాకుండా పెద్ద రోడ్డే పట్టుకోండి. మ్యాప్‌లో దగ్గరి దారి చూపిస్తుంది, ఎత్తు మాత్రం చూపించదు.

లక్నవరం రాత్రి ఎంత బాగుందో అంత ఇబ్బంది కూడా పెట్టింది. కాకతీయులు గుట్టల నడుమ కట్ట వేసి నిలిపిన చెరువు అది, వేలాడే వంతెన, నడుమ దీవులు, వర్షాలు బాగా పడ్డ ఏడు కాబట్టి నిండుగా ఉంది. సాయంత్రం బాపు, మా ఆయన బండి పక్కన కుర్చీలు వేసుకుని, ఇండక్షన్ పొయ్యి మీద నేను పెట్టిన చాయ్ తాగుతూ, చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. పెళ్లయిన పన్నెండేళ్లలో మామా అల్లుళ్లు అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి అనుకుంటా.

ఇబ్బంది రాత్రి మొదలైంది. వాళ్ల ప్రకటనలో "24 గంటల ఏసీ" అని ఉంటుంది. ఏసీ బ్యాటరీ మీద నడవదు. బయట ప్లగ్గు పెట్టుకోవాలి, లేదంటే జనరేటర్ వేయాలి. ఆ రాత్రి ప్లగ్గు దొరకలేదు. జనరేటర్ వేస్తే చెరువు ఒడ్డున అంత నిశ్శబ్దంలో మిల్లు ఆడినట్టుంది, చుట్టుపక్కల వేరే కుటుంబాలు పడుకున్నాయి, పది నిమిషాలకే ఆపేయించాను. కిటికీలు తీద్దామంటే ఒకదానికి దోమతెర చిరిగి ఉంది. టవల్ అడ్డం కట్టి, ఫ్యాన్లు వేసుకుని పడుకున్నాం, ఫ్యాన్లు, లైట్లు, ఫోన్ చార్జింగ్ తెల్లవార్లూ బ్యాటరీ మీద బాగానే నడిచాయి. చలికాలమైతే ఇబ్బంది లేదు, ఎండాకాలంలో మాత్రం ప్లగ్గు ఖాయం కాని చోట రాత్రి ఆగాలని అనుకోకండి. దోమతెర వేయించారట, అది సరిచేసిన రెండోది. ప్రకటనలో ఆ మాట మాత్రం ఇంకా అలాగే ఉంది, దానికే ఒక మార్కు తగ్గించాను.

ఆ రాత్రి నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. డ్రైవర్ అన్న ముందు సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. బండి మొత్తంలో ఆయనకు చోటు లేదు. మర్నాడు మమ్మల్ని అడవిలోంచి తీసుకెళ్లాల్సింది ఆ మనిషే, మా ఆరుగురి ప్రాణాలు ఆయన కళ్ల మీద ఉన్నాయి. "అలవాటే అక్కా" అన్నాడు. అలవాటైతే మాత్రం! అప్పట్నుంచి ప్రతి రాత్రీ లాడ్జిలోనో టూరిజం వాళ్ల హోటల్లోనో ఒక గది తీసుకున్నాం, ఆయన పడుకోవడానికి ఆ గది, మా బండికి అక్కడి ఆవరణలో చోటు, ఒక ప్లగ్గు, పొద్దున నీళ్లు. గది అద్దెతో ఇవన్నీ కలిసొచ్చాయి. క్యారవాన్‌లో వెళ్లేవాళ్లు డ్రైవర్ నిద్రకు డబ్బు మొదటి రోజు నుంచే లెక్కలో పెట్టుకోండి.

రెండో రోజు మేడారం, బోగత. జాతర లేని రోజుల్లో మేడారం చూడాలని బాపు కోరిక, ఎందుకంటే రెండేళ్లకోసారి జాతరకు పోతే సమ్మక్క సారలమ్మ గద్దెల ముందు నిలబడేది ఎంతసేపని, జనం తోసుకుపోతారు. ఆ రోజు ఎదురుగా నిలబడి, తెచ్చుకున్న బంగారం, అంటే బెల్లం, తీరిగ్గా సమర్పించి, జంపన్న వాగు దగ్గర కాసేపు కూర్చుని వచ్చాం.

తాడ్వాయి దాటాక ఏటూరునాగారం దాకా అడవి. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. సరిగ్గా అక్కడే నీళ్ల పంపు ఆగిపోయింది, సింకులో నీళ్లు లేవు, బాత్రూంలో లేవు. అమ్మ ముఖం చూడాలి, వెంటనే చేతిలో సీసా మూత పెట్టేసింది. ఏటూరునాగారం చేరి సిగ్నల్ రాగానే ఓనర్‌కు ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తాడు, వీడియో కాల్‌లో డ్రైవర్ అన్నకు సీటు కింద ఫ్యూజ్ ఎక్కడుందో చూపించాడు, స్పేర్ ఫ్యూజ్ డాష్‌బోర్డు అరలో ఉంది, ఇరవై నిమిషాల్లో నీళ్లొచ్చాయి. మంచి సర్వీసు అంటే అది. కానీ ఆ ఫ్యూజ్ సంగతి బండి ఇచ్చేటప్పుడే చెప్పి ఉంటే అమ్మ గంటసేపు అట్లా బిగుసుకుని కూర్చునేది కాదు. మీరు తీసుకునేటప్పుడు అరగంట నిలబడి అన్నీ నడిపించి చూపించమనండి, పంపు, ఫ్యూజులు, ప్లగ్గు, బాత్రూం డబ్బా, ఒకదాని తర్వాత ఒకటి. ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి.

ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన దాటి వాజేడు వైపు పోతే బోగత. వానాకాలం నీళ్లు ఇంకా తగ్గలేదు, వెడల్పుగా తెల్లగా దూకుతోంది, మాట వినపడదు. ఉధృతి ఉన్నప్పుడు అటవీ శాఖ వాళ్లు నీళ్లలోకి దిగనివ్వరు, వాళ్లతో వాదించకండి, వద్దన్నారంటే వద్దు.

ఇక్కడ బాత్రూం డబ్బా గురించి చెప్పాలి, చాలామంది అడగడానికి మొహమాటపడతారు. మలమూత్రాలు కింద ఒక డబ్బాలో చేరతాయి, అందులో వాసన రాకుండా మందు పోస్తారు. ఆరుగురికి ఒకటిన్నర రోజుకు నిండుతుంది. దాన్ని బయటికి లాగి ఖాళీ చేయాలి. రెండో రోజు సాయంత్రం దాన్ని ఏం చేయాలని డ్రైవర్ అన్నను అడిగితే దారిలో వాగు పక్కన పోసేద్దామన్నాడు, ఆయన తప్పు కాదు, సర్వీసు వాళ్లు ఆయనకు నేర్పలేదు. నేను ఒప్పుకోలేదు. ఆ వాగు నీళ్లే కింది గూడెం వాళ్లు వాడతారు. మేం దిగిన లాడ్జిలోనే అడిగి వాళ్ల లెట్రిన్‌లో పోసి కడిగాం, తర్వాత కూడా ప్రతిసారీ లాడ్జిలోనో పబ్లిక్ టాయిలెట్‌లోనో అడిగే చేశాం. అడిగితే ఎవరూ కాదనలేదు. ఈ పని చేయడానికి చేతికి గ్లౌజులు, ఒక బకెట్ మీరే పట్టుకెళ్లండి, బండిలో ఉండవు.

మూడో రోజు వచ్చిన దారిలోనే కొంత వెనక్కి వచ్చి గణపురం కోటగుళ్లు చూశాం. రామప్ప చూసిన కళ్లకు ఇది వేరే రకం బాధ. ఒకే ప్రాకారంలో 22 చిన్నా పెద్దా గుళ్లు, కాకతీయులవే, సగం కూలి, రాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. జనం లేరు. పిల్లలు పరిగెత్తడానికి చోటుంది, పెద్దవాళ్లకు నీడ ఉంది. రామప్పకు పది కిలోమీటర్లు కూడా ఉండదు, అక్కడి దాకా వచ్చినవాళ్లు ఇటు రాకుండా పోతే చాలా పోగొట్టుకున్నట్టే.

అక్కడికి కాస్త ముందే మా ట్యాంకు అడుగంటింది. వంద లీటర్ల ట్యాంకు, ఆరుగురం, స్నానాలు బండిలో చేయకుండా చూసుకున్నా ఒక రోజుకంటే రాదు. రోడ్డు పక్కన పొలంలో మోటారు నడుస్తుంటే డ్రైవర్ అన్న దిగి అడిగాడు. ఆ రైతు పైపు బండి దాకా లాక్కొచ్చి, ట్యాంకు మూతికి తన తువ్వాల మడిచి కట్టి, చెత్త పోకుండా దాన్లోంచి నీళ్లు పట్టాడు. బండి లోపలికి తొంగి చూసి, "ఇంట్ల ఉన్నట్టే ఉన్నది గదనే అవ్వా" అన్నాడు అమ్మతో. డబ్బులిస్తే తీసుకోలేదు. అమ్మ డబ్బా తీసి మలీద ముద్దలు నాలుగు చేతిలో పెడితే తీసుకున్నాడు. తాగడానికి మాత్రం విడిగా ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కున్నాం, ట్యాంకు నీళ్లు కడుక్కోవడానికే.

భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం. ఈ దారిలో బొగ్గు లారీలు ఎక్కువ, పగటిపూటే దాటండి. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాళేశ్వరుడు, ఒకటి ముక్తేశ్వరుడు. ముక్తేశ్వర లింగానికి ఉన్న రంధ్రాల్లో పోసిన నీళ్లు సంగమంలో కలుస్తాయని నమ్మకం. గోదావరి, ప్రాణహిత కలిసే చోట పొద్దున్నే బాపు మునిగి, వాళ్ల నాయినకూ అమ్మకూ నీళ్లు వదిలాడు. తడి బట్టలతో వచ్చి బండిలోనే మార్చుకుని, వేడి చాయ్ తాగి, మాట్లాడకుండా చాలాసేపు కిటికీలోంచి నదిని చూస్తూ ఉన్నాడు. గదికి పోవాలి, ఖాళీ చేయాలి అనే తొందర లేదు. ఘాట్ దగ్గర్లోనే మన ఇల్లు ఆగి ఉంది.

ఆ రాత్రి కరెంటు సంగతి కూడా రాసుకోండి. ఏసీకి పదహారు ఆంపియర్ల పవర్ ప్లగ్గు కావాలి. గదుల్లో ఫోన్ పెట్టే చిన్న ప్లగ్గుకు తగిలిస్తే ఒక లాడ్జిలో రెండుసార్లు ట్రిప్ అయింది, వాళ్లకు కోపం వచ్చింది, న్యాయమే. గీజర్ ప్లగ్గు అడగాలని తర్వాత తెలిసింది. బండితో ఇచ్చిన వైరు పొడవు తక్కువ, ఇరవై మీటర్ల మందపాటి వైరు మంథనిలో కొన్నాం.

నాలుగో రోజు మొత్తం ప్రయాణమే, మంథని, గోదావరిఖని, మంచిర్యాల మీదుగా జన్నారం. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి ఇక్కడే. చీకటి పడకముందే చేరాలని అనుకున్నాం, చేరాం. అడవి దారుల్లో రాత్రి బండి నడపకూడదు, మన కోసమే కాదు, రోడ్డు దాటే జీవాల కోసం.

ఐదో రోజు కుంటాల. కడెం వాగు మీద 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే నీళ్లు, మన రాష్ట్రంలో బాగా పేరున్న ఎత్తైన జలపాతాల్లో ఒకటి. కిందికి నాలుగు వందల దాకా మెట్లు. అమ్మ దిగలేదు. ఇదే కారులో వచ్చి ఉంటే ఆ గంటన్నరా అమ్మ ముందు సీట్లో చెమటలు కక్కుతూ కూర్చునేది, లేదా అమ్మ కోసం ఎవరో ఒకరం పైన ఆగిపోయేవాళ్లం. బండి చెట్టు నీడలో పెట్టి, ఫ్యాను వేసి, వెనక మంచం మీద పడుకోబెట్టి దిగాం. తిరిగొచ్చేసరికి లేచి, డ్రైవర్ అన్నకు చాయ్ పెట్టిచ్చి, ఆయన పిల్లల చదువుల గురించి అడుగుతోంది. మా ఫోన్లో తీసిన వీడియో చూసి, సప్పుడు బండిలోకి కూడా వినపడ్డదని చెప్పింది. కుంటాల గుండంలోకి ఎవరూ దిగకండి, రాళ్లు జారుతాయి, లోతు తెలియదు, ఎన్నో ప్రాణాలు పోయాయి అక్కడ. సాయంత్రం పొచ్చెర చూశాం, ఎత్తు తక్కువ, నడక తక్కువ, కాబట్టి అమ్మ కూడా వచ్చింది.

ఆఖరి రోజు నిర్మల్‌లో పిల్లలకు బొమ్మలు కొన్నాం. పొనికి చెక్కతో చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి సందులు పూడ్చి, పైన రంగులేస్తారు, చేతిలోకి తీసుకుంటే గాలిలాగా తేలిక. అక్కడి నుంచి ఆర్మూర్, జగిత్యాల, కరీంనగర్ మీదుగా ఇంటికి, పెద్ద రోడ్డు, చెప్పడానికేం లేదు, కానీ ఆరు రోజుల్లో అందరికంటే అలసిపోయింది ఆ రోజే. ఏడో రోజు ఉండి ఉంటే బాసర కూడా చూసుకుని వద్దుము. రోజు తక్కువ పెట్టుకుని చోట్లు ఎక్కువ పెట్టుకోవడం కంటే, ఏదో ఒకటి వదిలేయడమే నయం.

మళ్లీ తీసుకుంటానా అంటే తీసుకుంటాను, చలికాలంలో. ఈసారి పాకాల వైపు, అమ్మ చిన్నప్పటి ఊరు మీదుగా.

కరీంనగర్ ఇంకా రాకముందు, రోడ్డు పక్కన గునుగు తెల్లగా, పక్కనే తంగేడు పసుప్పచ్చగా కనిపించి, అమ్మ బండి ఆపమంది. ఆరు రోజుల్లో అమ్మ తనంతట తాను ఆపమన్నది అదొక్కసారే. స్టూలు వేశాం, దిగింది. అల్లుడు కొమ్మలు వంచి పడుతుంటే అమ్మ కోసింది, పిల్లలు ఒళ్లో పట్టారు. అంత పువ్వు పెట్టడానికి చోటెక్కడ అంటే, బాత్రూంలో షవర్ కింది తొట్టిలో నింపి, వాడిపోకుండా మిగిలిన ట్యాంకు నీళ్లన్నీ వాటి మీద చల్లింది. హనుమకొండలో బండి అప్పగించేటప్పుడు ఓనర్ లోపల చూడ్డానికి ఎక్కి, బాత్రూం తలుపు తీసి, నిండా పూలు చూసి, "ఇవన్నీ దించుకోండమ్మా, నిమ్మళంగ దించుకోండి" అని బయటికొచ్చి నిలబడ్డాడు.